అమ్మమ్మ బొటనవేలు

మా అమ్మమ్మకి చదువు రాదు. ఆవిడ ఆస్తి అంతా కలిపితే ఒక కావిడిపెట్టె, రెండు పట్టుచీరలు, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన రెండెకరాల మాగాణి. వీటన్నిటికన్నా ఆవిడ ఎక్కువగా మురిసిపోయేది మాత్రం తన ఎడమచేతి బొటనవేలు చూసుకుని. నవ్వకండి. ఆ రెండెకరాలూ పోతే తిరిగి తెచ్చిపెట్టింది ఆ వేలే.

సంగతేమిటంటే, తాతగారు పోయిన కొత్తల్లో, 1937 ప్రాంతంలో, మా బంధువుల్లోనే ఒక పెద్దమనిషి (పేరెందుకు లెండి, వాళ్ళ మనవలు ఇవాళ మా ఇంటి పెళ్ళిళ్ళకి వస్తున్నారు) ఎవరో ఒకావిడని ముసుగు కప్పి బండిలో ఎక్కించుకుని రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళాడు. "ఈవిడే ఫలానా" అని ఇద్దరు సాక్షులు చెప్పారు. భర్త పోయిన ఆడమనిషి ముసుగు తీసి మొహం చూపించమని అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఏ గుమాస్తాకి ఉంటుంది? కాగితం చదివారు, ఆవిడ తలూపింది, వేలిముద్ర వేసింది. అమ్మమ్మ పొలం అమ్ముడైపోయింది. అమ్మమ్మ ఆ సమయంలో ఇంట్లో కూచుని అప్పడాలు వత్తుకుంటోందట. రెండేళ్ళపాటు కౌలు సరిగా రాకపోతే వర్షాలు లేవనుకుంది పాపం. మూడో ఏడు కౌలుదారుడే వచ్చి, "పొలం అమ్మేసుకున్నారటగా అమ్మగారూ, ఒక్కమాట మాతో చెప్పకపోయారే" అని నొచ్చుకుంటే అప్పుడు తెలిసింది.

కోర్టులో సాక్షులు ఇద్దరూ దేవుడి మీద ప్రమాణం చేసి మరీ ఈవిడే వచ్చిందన్నారు. ఊళ్ళోవాళ్ళు కూడా, "మర్చిపోయి ఉంటుంది, దుఃఖంలో ఉందిగా" అన్నారు. చివరికి ప్లీడరుగారికి తోచి, రిజిస్ట్రారాఫీసులో దాచే వేలిముద్రల పుస్తకం తెప్పించి, అందులోని ముద్రనీ అమ్మమ్మ ముద్రనీ నిపుణుడి దగ్గరికి పంపారు. రెండూ ఒకటి కావని తేలిపోయింది. మొత్తం నాలుగేళ్ళు పట్టింది. తరవాత మా అమ్మ కూచోబెట్టి సంతకం నేర్పిస్తానంటే అమ్మమ్మ ససేమిరా అంది. "సంతకం ఎవడైనా దిద్దుతాడే పిల్లా. నా వేలు ఎవడెత్తుకుపోతాడు?" అనేది, వేలు నా మొహం ముందు ఆడిస్తూ.

ఈ వేలిముద్ర అనే ఆలోచన ఎక్కడ పుట్టిందా అని నేను పెద్దయ్యాక పుస్తకాలు తిరగేశాను. ఏ లండన్‌లోనో పుట్టి ఉంటుందనుకున్నాను. కాదు, మన బెంగాల్లో పుట్టింది. 1858 జులై 28న జంగీపూరు అనే ఊళ్ళో విలియం హెర్షెల్ అనే కుర్ర దొర రోడ్డుకి కంకర తోలించే పని రాజ్యధర్ కొనాయ్ అనే ఆసామీకి అప్పజెప్పాడు. ఒప్పందమైతే రాసుకున్నారు గానీ, రేపు ఈ మనిషి "ఆ సంతకం నాది కాదు" అంటే? అలా అనడం ఆ రోజుల్లో మామూలేనట. అందుకని దొర అతని అరచేతికి సిరా పూయించి, కాగితం వెనక మొత్తం చెయ్యి వేయించాడు. మొదట అది బెదిరింపు కోసమే. ఆ తరవాత ఆ దొరకి అదే పిచ్చి పట్టుకుంది. ఇంటికి వచ్చినవాళ్ళందరి వేలిముద్రలూ తీయించుకుని దాచుకోవడం, ఏళ్ళ తరవాత మళ్ళీ తీయించి పోల్చుకోవడం. మొహం ముడతలు పడింది, జుట్టు నెరిసింది, వేలి గీతలు మాత్రం మారలేదు.

1877లో హుగ్లీ జిల్లా అధికారిగా ఉండగా ఆయన దీన్ని ఆఫీసు పనుల్లో ప్రవేశపెట్టాడు. ఎక్కడో తెలుసా? రిజిస్ట్రేషన్ కాగితాల మీద, పింఛన్ల దగ్గర, జైల్లో. ఈ మూడు చోట్లా మనుషుల్ని మార్చడం మహా సులువు. పింఛనుదారు స్వర్గస్థుడైనా, ఆయన తమ్ముడో బావమరిదో నెలనెలా వచ్చి పుచ్చుకుపోయేవాడు. జైలు శిక్ష పడినవాడు డబ్బిచ్చి ఇంకొకణ్ణి లోపలికి పంపేవాడు. రిజిస్ట్రారాఫీసు సంగతి మా అమ్మమ్మ కథలో చూశారుగా.

అయితే వేల కొద్దీ ముద్రలు పోగుపడితే వాటిలో కావలసినదాన్ని వెతకడం ఎలా? బియ్యంలో ఫలానా గింజ వెతకమన్నట్టే. ఆ చిక్కు విడదీసింది కూడా కలకత్తాలోనే. ఎడ్వర్డ్ హెన్రీ అనే పోలీసు పెద్ద దగ్గర అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అని ఇద్దరు ఉద్యోగులుండేవారు. హక్ గారు లెక్కల్లో దిట్ట. పదివేళ్ళ గీతల్లో సుడులు ఎన్ని, ఎక్కడెక్కడ అని చూసి ముద్రలన్నిటినీ 1024 గూళ్ళలోకి సర్దే పద్ధతి కనిపెట్టారు. ముప్ఫైరెండు వరసలు, వరసకి ముప్ఫైరెండు గూళ్ళు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. నాలుగేళ్ళకి, 1901లో, లండన్ పోలీసులు ఇక్కడి పద్ధతి చూసి అక్కడ పెట్టుకున్నారు. పేరు మాత్రం దొరగారికే వచ్చింది, హెన్రీ పద్ధతి అని. వంట చేసింది ఒకరూ, వడ్డించి మెప్పు పొందింది ఒకరూ. మన ఇళ్ళల్లో కొత్తా ఏమిటి?

మా అమ్మమ్మ కేసు నడిచిన కాలంలోనే దేశమంతా ఇంకో కేసు గురించి చెప్పుకునేది. ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, మా అమ్మ తరం ఆడవాళ్ళు బావి దగ్గర కూడా దాని గురించి పంచాయితీలు పెట్టేవారట. అదే భవాల్ సన్యాసి కేసు.

ఢాకా దగ్గర భవాల్ అని పెద్ద జమీందారీ. ముగ్గురన్నదమ్ముల్లో నడిపివాడు రమేంద్రనారాయణ్ రాయ్. చదువు అబ్బలేదు. వేట, విలాసాలు, ఏనుగులు, ఇదే లోకం. 1909లో జబ్బు చేస్తే గాలి మార్పుకని డార్జిలింగ్ తీసుకెళ్ళారు. వెంట భార్య విభావతీదేవి, ఆవిడ అన్న, కుటుంబ వైద్యుడు, నౌకర్లు. మే నెల 8న కుమార్ పోయాడన్నారు. పాతికేళ్ళు నిండీ నిండని వయసు. దహనం అయిపోయిందన్నారు. విభావతి తెల్లచీర కట్టుకుని పుట్టింటివాళ్ళ దగ్గర కలకత్తా చేరింది. తరవాత కొద్ది కాలానికే మిగతా అన్నదమ్ములిద్దరూ పోయారు. జమీ కోర్టు ఆఫ్ వార్డ్స్ చేతిలో పడింది.

కానీ జయదేవ్‌పూర్‌లో ఒక పుకారు మాత్రం చావలేదు. ఆ రోజు శ్మశానంలో పెద్ద వాన కురిసిందనీ, మోసుకెళ్ళినవాళ్ళు పరుగెత్తి తలదాచుకున్నారనీ, తిరిగి వచ్చేసరికి శవం లేదనీ. పన్నెండేళ్ళ తరవాత ఢాకాలో నది గట్టు మీద ఒళ్ళంతా బూడిద పూసుకున్న ఒక సాధువు వచ్చి కూచున్నాడు. చూసినవాళ్ళు చూసినట్టే నిలబడిపోయారు. నడిపి కుమార్ పోలికలు! 1921లో అతన్ని జయదేవ్‌పూర్ తీసుకొచ్చారు. అక్క జ్యోతిర్మయీదేవి భోజనం పెట్టి, అతను తినే తీరు చూసింది, చూపు చూసింది, పాదాలు చూసింది. మా తమ్ముడే అంది. పాత ఫోటోలు చూపిస్తే సన్యాసి కన్నీళ్ళు పెట్టుకున్నాడట. ఒకరోజు అందరూ చుట్టుముట్టి నిలదీశారు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. అవి ఎవరైనా చెబుతారుగా అన్నారు. నీకు పాలిచ్చి పెంచిన దాది పేరేమిటి అని అడిగారు. "అలక" అన్నాడు. జనం హాహాకారాలు చేశారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఎందుకంటే విభావతి సంగతి ఆలోచించకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. అక్క అవునంది, రైతులు అవునన్నారు, వేలమంది జైకొట్టారు. ఆవిడ మాత్రం కాదంది. చివరిదాకా కాదనే అంది. "భర్త ఆస్తి అన్న చేతిలో ఉంది, అందుకే కాదంటోంది" అని లోకం ఆడిపోసుకుంది. అయ్యుండవచ్చు కూడా. కానీ ఒక్కసారి ఆ స్థానంలో మనల్ని ఊహించుకుందాం. పన్నెండేళ్ళు విధవరాలిగా బతికిన మనిషి దగ్గరికి ఒక గడ్డపు సన్యాసిని తీసుకొచ్చి, ఇతనే నీ మొగుడు, ఒప్పుకో అంటే? ఒప్పుకుని పొరబాటైతే ఏం మిగులుతుంది? ఒప్పుకోక పొరబాటైతే ఏం మిగులుతుంది? ఆస్తి పోతే కోర్టు తిరిగి ఇప్పిస్తుంది. ఇది ఏ కోర్టు ఇప్పించగలదు? చదివినన్నిసార్లు నా మనసు ఒకసారి అటూ ఒకసారి ఇటూ మొగ్గుతూనే ఉంది.

కేసు 1930లో వేశారు. విచారణ 1933లో మొదలైంది. సాక్షులు రెండు పక్షాలూ కలిపి ఇంచుమించు పదిహేను వందల మంది. పన్నాలాల్ బసు అనే జడ్జిగారు 1936 ఆగస్టులో 532 పేజీల తీర్పు చెప్పారు. నమ్మండి, ఇందులో ఎక్కువ భాగం మచ్చల మీదా, దస్తూరీ మీదా, ఫోటోల మీదా, చెవి ఆకారం మీదా. మనిషి నేనే నేనే అని ఎదురుగా నిలబడి ఉంటే అతని కాలి మీద మచ్చ కోసం వెతుకుతారు! కుమార్ చిన్నప్పుడు బండి చక్రం కింద పడి ఎడమ చీలమండ దగ్గర గాయమైంది. జీవిత బీమా తీసుకున్నప్పుడు పరీక్ష చేసిన డాక్టరు ఆ మచ్చని కాగితం మీద రాసిపెట్టాడు. స్కాట్లండ్‌లో బీమా కంపెనీ దగ్గరున్న ఆ కాగితం వచ్చింది. సన్యాసి కాలి మీద మచ్చ అక్కడే ఉంది. సన్యాసే కుమార్ అని తీర్పు. హైకోర్టులో 1940లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అవునన్నారు. 1946 జులై 30న లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ కూడా అవునంది. ఆ కబురు విని కాళీమాతకి మొక్కు తీర్చుకోవడానికి గుడికి వెళ్ళిన మనిషి అక్కడే కూలిపోయి, రెండు రోజుల్లో కన్నుమూశాడు. ఎన్నేళ్ళు పోరాడి గెలిచాడు, ఎన్ని రోజులు అనుభవించాడు! మూడు దశాబ్దాల తరవాత, 1975లో, బెంగాలీలో ఉత్తమ్ కుమార్‌తో ఈ కథ సినిమా తీశారు.

నాకు తమాషాగా తోచేది ఒకటుంది. ఇదంతా జరిగింది వేలిముద్ర పుట్టిన బెంగాల్లోనే. కుమార్ పోయే నాటికి కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టి పన్నెండేళ్ళు. అయినా రాజబిడ్డ వేలెందుకు వేస్తాడు? వేలు వేసేది కూలీలూ, ఖైదీలూ, మా అమ్మమ్మలాంటి వాళ్ళూ. రెండుమూడు అక్షరాలు కష్టపడి గీసైనా సరే, ఆయన సంతకమే పెట్టాడు. నిశానీ వేయడం నామోషీ అనుకున్నందుకు పదహారేళ్ళ వ్యాజ్యం. మా అమ్మమ్మకి నాలుగేళ్ళలో తెమిలిపోయింది.

వేలిముద్ర లేని కాలంలో మనవాళ్ళు ఏం చేసేవారంటే, ఉంగరాన్ని నమ్ముకునేవారు. ఉంగరం మహా ప్రమాదం. విశాఖదత్తుడి ముద్రారాక్షసం నాటకమంతా అదేగా. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుడి చేతికి చిక్కింది. దొంగ ఉత్తరం రాయించి దాని మీద ఆ ముద్ర గుద్దించాడు. అంతే, రాక్షసుడు ఎన్నడూ అనని మాట అన్నవాడయ్యాడు. అతన్ని నమ్మినవాళ్ళే అతన్ని వెళ్ళగొట్టారు. పాపం చేసింది ఉంగరం, శిక్ష పడింది మనిషికి.

సీతమ్మవారు ఇంకా జాగ్రత్త మనిషి. అశోకవనంలో హనుమంతుడు రామదూతనంటే వెంటనే నమ్మిందనుకున్నారా? ఒకసారి సన్యాసి వేషానికి మోసపోయిన ఇల్లాలు. ఇదీ రావణుడి వేషమేనేమో అనుకుంది. రాముడు ఎలా ఉంటాడో చెప్పమంది. అతను ఆపాదమస్తకం వర్ణించాడు. ఆ తరవాతే ఉంగరం. తిరిగి తన గుర్తు పంపేటప్పుడు చూడామణి ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. నగ ఎవరైనా లాక్కోవచ్చుగా? అందుకని చిత్రకూటంలో కాకి తనను పొడిచినప్పటి కథ చెప్పి పంపింది. మా అమ్మమ్మ ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా, "చూశావా, వస్తువు ఇచ్చింది, మాటా ఇచ్చింది. రెండూ ఉంటేనే నమ్మమని" అనేది.

అమ్మమ్మ నమ్మకం నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, 2012లో నా వాటా పొలం అమ్మినప్పుడు రిజిస్ట్రారాఫీసులో సంతకంతో పాటు వేలిముద్రలు కూడా వేయమంటే ముచ్చటపడ్డాను. 2001లో చట్టం మార్చి, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అందరి ఫోటోలూ వేలిముద్రలూ కాగితాల మీద ఉండాలన్నారు. ఇంక ముసుగు వేసుకుని ఎవరూ రాలేరులే అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం ఒక పొద్దున పెసరపచ్చడి రుబ్బుతున్నాను. ఫోన్ టింగుమంది. నా ఖాతాలోంచి పదివేలు తీశారని. మర్నాడు మళ్ళీ పదివేలు. నేను బ్యాంకుకి పరుగెత్తితే కౌంటర్లో అబ్బాయి కంప్యూటరు చూసి, "మీరే తీసుకున్నారు కదమ్మా, మీ వేలిముద్ర పడింది" అన్నాడు. నేనెప్పుడూ పేరు కూడా వినని ఊళ్ళో, చిన్న మిషను మీద నా వేలు పడిందట! నా వేలు నా దగ్గరే ఉంది. దానికి ఇంకా పచ్చడి వాసన కూడా పోలేదు. ఆ క్షణంలో అమ్మమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇరవైవేలకి కాదు.

తరవాత తెలిసింది. పల్లెల్లో బ్యాంకు లేనిచోట, ఆధార్ నంబరూ, బ్యాంకు పేరూ, వేలిముద్రా ఉంటే చాలు, డబ్బు ఇచ్చే ఏర్పాటుంది. నడవలేని ముసలివాళ్ళకి అది పెద్ద ఉపకారమే. దొంగలకీ ఉపకారమైంది. 2018లోనే పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక దుకాణందారు దొరికిపోయాడు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోంచి దస్తావేజులు దింపుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేసే మిషన్ మీద వేళ్ళు తయారుచేసి, ఇతరుల పేర్లతో సిమ్ కార్డులు తెరిచాడు. తరవాత కొందరు అదే విద్యతో బ్యాంకుల మీద పడ్డారు. హెర్షెల్ దొర మోసాలు ఆపడానికి ఏ కాగితం మీద వేలు వేయించాడో, ఆ కాగితం మీంచే వేలు ఎత్తుకుపోయారన్నమాట. పైగా తాళం పోతే తాళం మార్చుకుంటాం. వేలు ఎలా మార్చుకోవడం?

నా డబ్బు వచ్చింది లెండి. నాలుగు నెలలు తిరిగాక. మా కోడలు ఆ పూటే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది, బ్యాంకులోనూ కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ళు మోసం చేస్తే, మూడు పనిదినాల్లోగా తెలియజేసినవాళ్ళకి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. ఆ ముద్ర ఉన్న నకలే నన్ను కాపాడింది. నేనైతే, "పోనీలే, పరువు తక్కువ, ఎవరికీ చెప్పకు" అన్నాను. "పరువు పోవలసింది దొంగకి అత్తయ్యా, మీకెందుకు?" అని కసిరింది. ఒకరి గుర్తింపు దొంగిలిస్తే మూడేళ్ళదాకా జైలు అని సమాచార సాంకేతిక చట్టంలో 66సి అని సెక్షనే ఉందని కూడా అదే చెప్పింది.

ఆ రోజు సాయంత్రమే నా ఆధార్‌లో వేలిముద్రలకి తాళం పెట్టేసింది. అవును, అలా పెట్టుకోవచ్చు. కావలసినప్పుడు మనమే తీసి మళ్ళీ వేసుకోవడం. రెండు నిమిషాల పని, నాకు పదేళ్ళుగా తెలియదు. చీరల దుకాణంలో, సిమ్ము దుకాణంలో, అద్దె ఇంటివాళ్ళకి, అడిగిందే తడవుగా జిరాక్సులు ఇచ్చే నా అలవాటు మాన్పించింది. ఇవ్వక తప్పకపోతే చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే కాపీ ఇస్తున్నాను, దేనికిచ్చానో తేదీతో సహా అడ్డంగా రాసి. సంచార్ సాథీలో నా పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూస్తే మూడు తేలాయి. నా దగ్గరున్నది ఒక్కటే! మిగతా రెంటిలో ఒకటి మావారు ఎప్పుడో తీసుకుని పారేసింది. రెండోది ఎవరిదో ఆ పరమాత్ముడికే తెలియాలి. నాది కాదని తీయించేశాను.

ఇప్పుడు గొంతు కూడా దొంగిలిస్తున్నారని పేపర్లో చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా మనవడు డల్లాస్‌లో ఉన్నాడు. వాడి గొంతుతో ఎవరైనా ఫోన్ చేసి, "నానమ్మా, నన్ను పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు" అంటే నేను పంపేస్తానని నాకు తెలుసు. అందుకని వాడు సెలవలకి వచ్చినప్పుడు పెరట్లో కూచోబెట్టి, మా ఇద్దరికే తెలిసిన ఒక సంగతి గుర్తుగా పెట్టుకున్నాం. వాడికి ఆరేళ్ళప్పుడు జరిగింది. వాళ్ళమ్మకీ తెలియదు, తాతకీ తెలియదు.

మొన్న రాత్రి పదకొండింటికి కొత్త నంబరు నుంచి ఫోన్. "నానమ్మా, నా ఫోన్ పోయింది, ఇది స్నేహితుడిది" అన్నాడు. గొంతు వాడిదే. నా గుండె దడదడలాడుతోంది. అయినా గట్టిగానే అడిగాను, "కాకి కథ చెప్పు ముందు" అని.

అటు పక్క ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత వాడు పకపకా నవ్వి చెప్పాడు. వాడే.

ఏం చెప్పాడని మాత్రం నన్నడక్కండి.